చేతి పని నేర్పే చోట గడప ఎత్తు

సత్తుపల్లిలో బైకు మొరాయించినా, బోరు మోటారు కాలిపోయినా, ట్రాక్టరు ట్రాలీ చట్రం విరిగినా ఎవరి దగ్గరికి పోవాలో ఊరందరికీ తెలుసు. ఆ షెడ్డుల్లో మన పిల్లలు చాలామందే ఉన్నారు. ఎనిమిదో తొమ్మిదో చదివి, బడి మానేసి ఉస్తాద్ దగ్గర చేరతారు. మొదటి ఏడాది పానాలు అందించడం, రెండో ఏడాది విప్పడం, ఆ తర్వాత బిగించడం. అయిదారేళ్లకు పని చేతికొస్తుంది. వచ్చిన పని గట్టిదే. కానీ కంపెనీ సర్వీసు సెంటరుకో, ఓపెన్‌కాస్టు కాంట్రాక్టరు దగ్గరికో వెళ్లినప్పుడు ‘ఐటీఐ ఉందా?’ అని అడుగుతారు. పిల్లాడు అక్కడ ఆగిపోతాడు.

పేద పిల్లలకు పని నేర్పించాలంటే దాతలకు వెంటనే గుర్తొచ్చేవి మిషన్లు, పనిముట్లు, ఫీజులు. ఇన్నేళ్ల ఉపాధ్యాయ వృత్తిలో నేను చూసినంతవరకు పిల్లలను ఆపేవి చాలాసార్లు అంతకంటే చిన్నవి. ఒక కాగితం, ఒక బస్సు టైము, గడియ లేని మరుగుదొడ్డి, ఒక లెక్క. వీటికి అయ్యే డబ్బు తక్కువ, పట్టే ఓపిక ఎక్కువ.

ముందు కాగితం సంగతి. ఐటీఐలు 1950లో మొదలైన కేంద్ర పథకం కింద నడుస్తున్నాయి. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ వంటి ట్రేడులకు పదో తరగతి పాస్ కావాలి. వెల్డర్, ప్లంబర్, వైర్‌మన్ ట్రేడులకు ఎనిమిది పాసైతే చాలు. ఈ రెండో మాట చాలా ఇళ్లలో తెలియదు. తొమ్మిదిలో మానేసిన పిల్లాడు తనకు ‘చదువు లేదు’ అనుకుంటాడు. అతని టీసీ, ఎనిమిదో తరగతి రికార్డు బడి బీరువాలో భద్రంగా ఉంటాయి, వచ్చి అడిగేవాళ్లే ఉండరు. కుల ధ్రువీకరణ పత్రమూ అంతే. ముస్లింలలో వెనుకబడిన 14 వర్గాలకు 2007 చట్టం ప్రకారం బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. దూదేకుల వారు బీసీ-బీలోకి వస్తారు. సీటు దొరికే రోజున మీసేవ చుట్టూ తిరిగితే పని కాదు. ఆ కాగితం ముందే చేతిలో ఉండాలి.

ఎనిమిది కూడా పూర్తికాని పిల్లలకు తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉంది. 14 ఏళ్లు నిండితే నేరుగా పదో తరగతికి నమోదు కావచ్చు, తెలుగులోనో ఉర్దూలోనో రాయవచ్చు. రోజూ బడికి వెళ్లనక్కరలేదు కాబట్టి షెడ్డులో పని మానక్కరలేదు. ఇక్కడ ఒక మాట గట్టిగానే చెప్పాలి. 14 ఏళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదని, 18 లోపు వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదని 2016లో సవరించిన బాలకార్మిక చట్టం చెబుతుంది. మనలో కొందరు దాతలకు సొంత షెడ్డులే ఉన్నాయి. వాటి ముందు ఏడో తరగతి పిల్లాడు టైరు విప్పుతూ కనిపించినప్పుడు వాడిని మళ్లీ బడికి పంపించండి, ఉస్తాద్‌కు నాలుగు మాటలు పడినా సరే.

2006 నవంబరులో పార్లమెంటు ముందుకొచ్చిన సచార్ కమిటీ నివేదిక కూడా ఈ గడప గురించే మాట్లాడింది. బడి పూర్తి చేయని వారికీ, మదరసాలో చదివిన వారికీ నైపుణ్య శిక్షణలో చోటు ఉండాలని సూచించింది. చదువు తక్కువైనా పని వచ్చినవాడికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు 2015లో వచ్చిన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మలో 18 వృత్తులకు శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయలు ఇస్తారు. దర్జీ, వడ్రంగి, తాపీ మేస్త్రీ, మంగలి ఆ జాబితాలో ఉన్నారు. మోటారు మెకానిక్, వెల్డర్ లేరు. మన పిల్లలు ఎక్కువగా ఉన్నది ఆ లేని చోటే. అందుకే వాళ్లకు ఐటీఐ దారి మరింత ముఖ్యం.

ఇప్పుడు లెక్క. ఐటీఐలో వర్క్‌షాప్ కాలిక్యులేషన్ అని ఒక పేపరు ఉంటుంది. చేతి పనిలో మేటి అయినవాడు కూడా దాని దగ్గర తడబడతాడు. తరగతి గదిలో అరకూ ముప్పావుకూ తేడా అడిగితే తల దించుకునే కుర్రాడు, ప్లంబింగు సామాన్ల కొట్టులో అరంగుళం పైపు, ముప్పావు అంగుళం పైపు, వాటిని కలిపే రెడ్యూసరు చూడకుండానే చేత్తో తీస్తాడు. 12-13 పానా ఏదో, 14-15 పానా ఏదో చీకట్లో కూడా తడిమి చెప్పే పిల్లాడు మిల్లీమీటర్ల లెక్క రాదంటాడు. మోటారు వైండింగు చేసేవాడికి గేజి నంబరు పెరిగితే తీగ సన్నబడుతుందని తెలుసు. విలోమ సంబంధం అంటే అలాంటిదేనని వాడికి ఎవరూ చెప్పలేదు. సన్నటి తీగ మీద ఎక్కువ లోడు వేస్తే కాలుతుందనీ తెలుసు. ఓమ్ నియమం పేరు వింటేనే భయం. భాష కూడా ఇక్కడే అడ్డం వస్తుంది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు, షెడ్డులో మూడూ కలిసిన మాట. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం తన ఐటీఐని ఉర్దూ మాధ్యమంలో నడుపుతోందంటే కారణం ఇదే. మన ఊళ్లో అంత ఏర్పాటు అక్కరలేదు. షెడ్డు మూసిన తర్వాత వారానికి మూడు సాయంత్రాలు, పైపు ముక్కలూ పానాలూ బల్ల మీద పెట్టి లెక్కలు చెప్పే మాస్టారు ఒకరు చాలు. రిటైరైన లెక్కల మాస్టార్లు మన వీధుల్లోనే ఉన్నారు.

ఆడపిల్లల విషయానికొస్తే మన సహాయమంతా కుట్టు మిషను దగ్గర ఆగిపోయింది. కుట్టుపని చిన్నదని నేను అనను, దాని మీద బతుకుతున్న ఇళ్లు నాకు తెలుసు. కానీ ఒకే వీధిలో ఆరుగురికి మిషన్లు ఇస్తే ఆరుగురూ ఒకే జాకెట్టు కోసం పోటీ పడతారు. ఇంటి వైరింగు, ఫ్రిజ్-ఏసీ రిపేరు, సెల్‌ఫోను రిపేరు, మోటారు వైండింగు ఆడపిల్లలు ఎందుకు నేర్వకూడదు? మగవాళ్లు లేని వేళ ఇంట్లో ఫ్యాను ఆగితే, లోపలికి వచ్చి బాగుచేసే ఎలక్ట్రీషియన్ అమ్మాయిని ఏ ఇల్లాలైనా సంతోషంగా పిలుస్తుంది.

చట్టం కూడా కదిలింది. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భ గనుల్లోకి రానివ్వలేదు, ఓపెన్‌కాస్టులో రాత్రి పనికి ఒప్పుకోలేదు. 2019లో కేంద్రం దాన్ని సడలించింది. వారి సమ్మతి ఉండాలని, షిఫ్టులో ముగ్గురికి తక్కువ కాకుండా ఉండాలని షరతులు పెట్టింది. మన ఊరి పక్కనే ఓపెన్‌కాస్టు ఉంది కాబట్టి ఇది మనకు దూరపు వార్త కాదు. ఆ ‘ముగ్గురు’ అన్న మాట శిక్షణకూ పనికొస్తుంది. ముప్పై మంది అబ్బాయిల మధ్య ఒక్క అమ్మాయిని చేర్పిస్తే నెల తిరక్కుండా మానేస్తుంది. ముగ్గురిని కలిపి పంపితే నిలబడతారు. ముగ్గురి తల్లులూ ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటారు.

దూరం మరో అడ్డు. ఖమ్మం ఇక్కడికి 70 కిలోమీటర్లకు పైనే. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో టికెట్టు లేదు, చార్జీ భారం పోయింది. కానీ సాయంత్రం తరగతి అయ్యాక కల్లూరు మీదుగా ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. హాస్టలు సీటు లేకపోతే తండ్రి ఒప్పుకోడు, ఆయన్ని తప్పుపట్టలేం. హైదరాబాదులో 1978లో మొదలైన సెట్విన్ సంస్థ పాతబస్తీ వాడల్లోనే శిక్షణ కేంద్రాలు తెరిచింది. పిల్లలు పనిని వెతుక్కుంటూ వెళ్లే బదులు పని వాళ్ల వీధికి వచ్చింది. దమ్మపేట, అశ్వారావుపేట వైపు కోయ పిల్లలకూ ఈ దూరమే సమస్య. మనం ఒక గది తెరిస్తే వాళ్లకూ తలుపు తెరిచే ఉండాలి.

వికలాంగుల పేరు ఎత్తగానే మనవాళ్లు ట్రైసైకిలు అంటారు. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, శిక్షణలో తగిన సదుపాయం కల్పించాలని చెప్పింది. ఆ సదుపాయం చాలాసార్లు వడ్రంగి ఒక పూటలో చేసిపెట్టేదే. చక్రాల కుర్చీ కిందికి దూరేలా బల్ల ఎత్తు మార్చడం, మెట్టు పక్కన ర్యాంపు కట్టడం. చెవి వినపడని కుర్రాడికి సెల్‌ఫోను రిపేరు నేర్పడానికి పెద్ద ఇబ్బంది లేదు. చెప్పేది చేసి చూపించాలి, అంతే. సదరం సర్టిఫికెట్ ఇంట్లో పెట్టెలో ఉండి కూడా ఏ ట్రేడుకూ దరఖాస్తు చేయని పిల్లలు మన వార్డుల్లో ఉన్నారు.

రాష్ట్రం 65 ఐటీఐలను 2,324 కోట్ల రూపాయలతో అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని పెట్టుకుంది. కొత్త యంత్రాలు వస్తున్నాయి, వాటితో పాటు చదవాల్సిందీ పెరుగుతుంది. పదో తరగతి ఫలితాలు వచ్చాక అడ్మిషన్లు మొదలవుతాయి. ఆలోగా ప్రతి వార్డులో బడి మానేసిన 14 నుంచి 20 ఏళ్ల పిల్లల పేర్లు రాసుకోవాలి, టీసీలు బయటికి తీయించాలి, కుల, ఆదాయ పత్రాలకు దరఖాస్తు పెట్టించాలి, ఓపెన్ స్కూల్ ఫీజు ఎవరికి కావాలో చూడాలి. ఇంటింటికీ తిరగడానికి ఇద్దరు యువకులు, ఒక స్కూటీ, జిరాక్సులకు కొంత డబ్బు కావాలి. మా బడి బీరువా తాళం తీయించే పూచీ నాది.