నైట్రస్ పెట్టిస్తారా? ముందు పెట్రోల్ లెక్క చూడండి

‘అన్నా, నైట్రస్ కొట్టిస్తే బండి ఎంత లేస్తది?’

మేడ్చల్ అయినా శామీర్‌పేట అయినా, కార్ల మోడిఫికేషన్ మాటొస్తే కుర్రాళ్ల నోట వచ్చే ప్రశ్న ఇదే. 2001లో ‘ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్’ అంటించిన మోజు ఇంకా దిగలేదు. సిలిండర్ ఎంత, కిట్ ఎంత, ఏ బ్రాండ్... అన్నీ అడుగుతారు. ట్యాంకులో కూర్చున్న ఫ్యూయల్ పంపు గంటకు ఎన్ని లీటర్లు తోస్తుందో మాత్రం అడగరు. ఇంజిన్ పోయేది సాధారణంగా అక్కడే.

నైట్రస్ ఆక్సైడ్ తనంతట తాను మండే గ్యాస్ కాదు. ఆస్పత్రుల్లో మత్తుకి వాడేదీ ఇదే. ఇంజిన్ లోపల సుమారు 300 డిగ్రీల వేడికి విడిపోయి ఆక్సిజన్ వదులుతుంది. గాలి బరువులో ఆక్సిజన్ 23 శాతమైతే ఇందులో 36 శాతం. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ‘జీఎం-1’ పేరుతో విమానాల్లో వాడింది కూడా అందుకే, పైన పలచటి గాలిలో ఇంజిన్‌కి ఊపిరాడదు కదా! ఊపిరి పెరిగితే ఆకలి కూడా పెరుగుతుంది. పెట్రోల్ చాలకపోతే మిక్స్చర్ ‘లీన్’ అవుతుంది, ఇంజిన్ నాక్ కొడుతుంది, కొన్ని సెకన్లలోనే అల్యూమినియం పిస్టన్ కరిగిపోవచ్చు.

కాగితం మీద లెక్క వేద్దాం. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకు దాదాపు 230 గ్రాముల పెట్రోల్ కావాలి. 85 హార్స్‌పవర్ చిన్న కారుకి గంటకు 26 లీటర్లు. దానికి 50 హార్స్‌పవర్ నైట్రస్ కలిపితే 41 లీటర్లు. సగానికి పైగా పెరిగిందన్నమాట. అదీ మామూలు పెట్రోల్‌కి. ఇప్పుడు మన బంకుల్లో వచ్చేది ఈ20. అందులోని ఇథనాల్‌కి అదే గాలికి ఇంకొంచెం ఎక్కువ ఇంధనం కావాలి. అంటే ఇంజెక్టర్లు ముందే కాస్త ఎక్కువ పని చేస్తున్నాయి.

కాబట్టి సిలిండర్ కొనకముందే ఫ్యూయల్ రైల్‌కి ప్రెజర్ గేజ్ పెట్టించి, డైనో మీద ఫుల్ లోడ్‌లో చూడాలి. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ ప్రెజర్ పడిపోతుంటే ఆ పంపు ఉన్న పవర్‌కే చాలడం లేదు. కొత్త పంపు వేయించే ముందు వైరింగ్ కూడా చూడమనండి. పాత సన్నటి వైరులో వోల్టేజ్ పడిపోతే ఎంత ఖరీదైన పంపైనా నీరసంగానే తోస్తుంది. విడిగా రిలే, లావు వైరు వేస్తే చాలాసార్లు సగం రోగం అక్కడే కుదురుతుంది. ఫిల్టర్ మార్చాలి. ఇంజెక్టర్లు 80–85 శాతానికి మించి తెరుచుకుని ఉంటున్నాయంటే పెద్దవి కావాలి. ట్యాంకులో పావు వంతు పెట్రోల్‌తో బయల్దేరితే ఒక్కసారి లాగినప్పుడు పెట్రోల్ వెనక్కి పోయి పంపు గాలి పీల్చే ప్రమాదముంది.

కిట్లు రెండు రకాలు. ‘డ్రై’లో గ్యాస్ ఒక్కటే లోపలికి పోతుంది, అదనపు పెట్రోల్ బాధ్యత ఇంజెక్టర్లదీ ఈసీయూదీ. ‘వెట్’లో గ్యాస్, పెట్రోల్ ఒకే నాజిల్ నుంచి వస్తాయి. ఈసీయూ ట్యూనింగ్ చేతకాని చోట నేనైతే వెట్ వైపే మొగ్గుతాను. దానికీ ఒక తంటా ఉంది. గాలి కోసమే చేసిన ప్లాస్టిక్ ఇన్‌టేక్‌లో పెట్రోల్ మడుగు కట్టి, బ్యాక్‌ఫైర్ కొడితే అది పగిలిపోతుంది. ఏది పెట్టినా రైల్ ప్రెజర్ తగ్గగానే గ్యాస్ ఆపేసే సేఫ్టీ స్విచ్ ఉండి తీరాలి. డబ్బులు మిగిల్చే చోటు అది కాదు.

మన ఎండల సంగతి కిట్టు డబ్బా మీద రాసి ఉండదు. సిలిండర్‌లో నైట్రస్ ద్రవంగా ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర ప్రెజర్ 50 బార్, 36 డిగ్రీలు దాటేసరికి 72 బార్. మే నెలలో శామీర్‌పేట చెరువు దగ్గర ఎండలో నిలిపిన కారు డిక్కీ ఎంత కాలుతుందో మీకు తెలుసు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు సరిచేసిన జెట్ నుంచి మధ్యాహ్నం గ్యాస్ ఎక్కువ దూసుకొస్తుంది, పెట్రోల్ మాత్రం అంతే వస్తుంది. మళ్లీ లీన్! అందుకే బాటిల్‌కి గేజ్ ఉండాలి, సేఫ్టీ డిస్క్ పైపు కారు బయటికి తెరుచుకోవాలి.

ఇదంతా చేసి ఓఆర్ఆర్ ఎక్కుదామనుకుంటే అక్కడ పరిమితి 120. ఆ మాటకొస్తే ఈ కారు ఏ రోడ్డు మీదికీ రాకూడదు. కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చడం కుదరదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే తేల్చింది. ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా రెండూ. రోడ్డు మీద రేసింగ్‌కి శిక్ష వేరే. వారంటీ, ఇన్సూరెన్స్ క్లెయిమ్ మీద ఆశ వదులుకోవాల్సిందే. సిలిండర్ కూడా 2016 గ్యాస్ సిలిండర్ రూల్స్ కిందికి వస్తుంది. ఆస్పత్రి సిలిండర్ నుంచి ‘కొంచెం ఎక్కించి ఇస్తా’ అనేవాడి దగ్గరికి అసలు పోవద్దు.

దీని చోటు ట్రాక్. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో డ్రాగ్ పోటీలు జరుగుతాయి, నైట్రస్‌కి అనుమతి ఏ క్లాసులో ఉందో నిర్వాహకులను ముందే అడిగి బండి ఎక్కించండి. అక్కడ చిన్న జెట్‌తో మొదలుపెట్టి, మొదటి పరుగు కాగానే ఇంజిన్ ఆపి ప్లగ్గులు ఊడదీసి చూడండి. తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు సన్నటి మెరిసే చుక్కలు కనిపిస్తే అది పిస్టన్ అల్యూమినియమే. ఇక ఆ రోజుకి కారు ట్రైలర్ ఎక్కాల్సిందే.