తోటలో పోత ఇనుము: తుప్పు దాక్కునే చోట్లు

1876లో అమెరికా తన నూరేళ్ల పండుగను ఫిలడెల్ఫియాలో పెద్ద ప్రదర్శనగా జరుపుకొంది. ఫ్రెంచి శిల్పి బార్తోల్డి దానికోసం ఒక ఫౌంటెన్ తయారుచేశాడు. ముగ్గురు జలకన్యలు తొట్టిని ఎత్తి పట్టుకున్న, దాదాపు 30 అడుగుల పోత ఇనుప శిల్పం అది. ప్రదర్శన అయ్యాక అమెరికా కాంగ్రెస్ 6 వేల డాలర్లకు కొని వాషింగ్టన్‌కు తెప్పించింది. ఇప్పుడది అక్కడి బొటానిక్ గార్డెన్‌లో ఉంది. ఇనుమేమో ఏళ్ల తరబడి నీళ్లలో తడిసింది. చివరికి 2008లో ముక్కలుగా విప్పి, బాగుచేసి, 2011లో తిరిగి నిలబెట్టారు.

బార్తోల్డి రూపొందించిన స్టాట్యూ ఆఫ్ లిబర్టీకీ ఇదే గండం వచ్చింది. పైన రాగి తొడుగు, లోపల ఇనుప చట్రం. రెండు లోహాలూ తగలకుండా మధ్యలో పెట్టిన పొర కాలంతోపాటు చివికిపోయింది. సముద్రపు తేమ చేరేసరికి రాగిని ఆనుకున్న ఇనుము గబగబా తుప్పుపట్టింది. తుప్పుకి అసలు ఇనుముకన్నా ఎక్కువ చోటు కావాలి కనుక, అది ఉబ్బి రివెట్లను ఊడబెరికింది. 1984-86 మరమ్మతులో ఇనుప పట్టీలను తీసేసి స్టెయిన్‌లెస్ స్టీలువి అమర్చారు.

మన పెరట్లోని బెంచీకి, పూలకుండీకి, దీపస్తంభానికి కూడా ప్రమాదం ఇలాంటి అతుకుల దగ్గరే మొదలవుతుంది. బోల్టు తల కింద, పూలతీగల నగిషీ సందుల్లో, మట్టిలో దిగబడిన కాళ్ల అడుగున తడి ఆరదు. నీరూ గాలీ కలిసి ఉన్నంతసేపు ఇనుము తుప్పుపడుతూనే ఉంటుంది. ఉప్పు తగిలితే వేగం పెరుగుతుంది. విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల్లో తోట ఇనుమును అప్పుడప్పుడు మంచినీళ్లతో కడిగి, తుడిచి ఆరబెట్టడం అందుకే అవసరం. పోత ఇనుము బెంచీకి ఇత్తడి, రాగి బోల్టులు బిగించడం మాత్రం వద్దే వద్దు.

పోత ఇనుములో 2 నుంచి 4 శాతం దాకా కార్బన్ ఉంటుంది. చాలావరకు అది గ్రాఫైటుగా ఉంటుంది. దీనివల్ల మోసపోయే అవకాశం ఉంది. ఏళ్ల తరబడి తడిమట్టిలో ఉంటే ఇనుము కరిగిపోయి, గ్రాఫైటు మాత్రం అదే ఆకారంలో మిగులుతుంది. చూపుకి గట్టిగానే ఉంటుంది. చాకు మొనతో గీకితే పెన్సిల్ ములుకులా మెత్తగా తెగుతుంది. అలాంటి కాలు బరువు మోయదు. రంగు వేయించడం కాదు, ఆ భాగాన్నే మార్పించాలి.

ఇక బాగుచేయడం. చాలామంది తుప్పు మీదే రంగు కొట్టించేస్తారు. డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది అక్కడే, ఎందుకంటే రంగు ఇనుమును పట్టుకోదు, ఊడిపోయే తుప్పును పట్టుకుంటుంది. ముందు వైర్ బ్రష్‌తో, ఎమరీ కాగితంతో పెచ్చులన్నీ రాల్చాలి. సుత్తి వాడొద్దు, పోత ఇనుము పెళుసు, పగులుతుంది. సందుల్లో మిగిలిపోయిన పలుచని తుప్పుకి రస్ట్ కన్వర్టర్ పూయవచ్చు. అందులోని ఫాస్ఫారిక్ ఆమ్లమో, టానిక్ ఆమ్లమో తుప్పును గట్టి పొరగా మారుస్తుంది. పెచ్చుల మీద పూస్తే దండగ. జిడ్డును టర్పెంటైన్‌తో తుడిచి, అదే రోజు రెడ్ ఆక్సైడో, జింక్ ఫాస్ఫేట్ ప్రైమరో వేయాలి. శుభ్రం చేసిన ఇనుమును రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. ప్రైమర్ రెండు పూతలు, పైన ఎనామెల్ రెండు పూతలు. అంచుల్లో, మలుపుల్లో రంగు పలచబడుతుంది కనుక అక్కడ ముందుగా ఒక పూత విడిగా వేయించండి.

పాత ఇనుముకి ఒక హెచ్చరిక. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేసిన నిబంధన 2017 నవంబరులోనే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగును పొడిగా గీకితే లేచే దుమ్ములో సీసం ఉండొచ్చు. తడిపి గీకండి, మాస్కు పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

పగిలిన చోట వీధి చివరి వెల్డర్‌తో మామూలు వెల్డింగ్ చేయిస్తే పక్కనే ఇంకో చీలిక పుడుతుంది. పోత ఇనుముకి నికెల్ రాడ్లు కావాలి, సమంగా వేడిచేసి మెల్లగా చల్లార్చాలి. అది తెలిసిన మనిషినే వెతకండి.

రంగుకి వానాకాలం పనికిరాదు. ఎండ ఇనుమును కాల్చే మే నెల మధ్యాహ్నాలూ వద్దు. సంక్రాంతి దాటిన రోజులు మేలు, మంచు ఆరాకే బ్రష్ పట్టాలి. పని పూర్తయ్యాక బెంచీ కాళ్లను మట్టిమీద కాకుండా రాతి పలకల మీద నిలబెట్టండి. కుండీ అడుగున నీరు పోయే రంధ్రం మూసుకుపోకుండా చూడండి. ఏటా తొలకరికి ముందు బెంచీని పక్కకు వాల్చి అడుగు భాగాన్ని పరీక్షించండి. పెచ్చు లేచినచోట అప్పటికప్పుడు గీకి, ప్రైమర్ పూసేస్తే మొత్తం రంగు మళ్లీ వేయించే పని చాలా ఏళ్లు వాయిదా పడుతుంది.