వినికిడి మాట

నిజమునకును అబద్ధమునకును నడుమ దూరము బెత్తెడే యని మన పెద్దల మాట. కంటికిని చెవికిని గల దూరమే అది. ఇరాను దేశమున ఒక నాటక సమాజమువారు ఈ దూరమునే నాటకముగా ఆడి చూపిరి.

సాదీ, హాఫిజు మహాకవుల సమాధులు గల షీరాజు నగరమున 1996లో ‘మెహ్ర్’ అను స్వతంత్ర నాటక సమాజము వెలసెను. అమీర్ రెజా కూహెస్తానీ దానికి రచయిత, ప్రయోక్త.

1979 నాటి విప్లవము తరువాత ఆ దేశపు రంగస్థలమునకు పెక్కు కట్టుబాట్లు ఏర్పడెను. స్త్రీపురుష పాత్రధారులు రంగముపై ఒకరినొకరు తాకరాదు. స్త్రీలు శిరస్సు కప్పుకొనవలెను. ప్రదర్శనమునకు ముందు అధికారుల అనుమతి పొందవలెను. మెహ్ర్ వారు ఆ ఎడమునే కళగా మలచుకొనిరి. 2001లో ఆడిన ‘గ్లాసులపై నృత్యము’ నందు ఒక యువకుడును ఒక యువతియు పొడవైన బల్లకు చెరియొక కొనను కూర్చుండి మాటలాడుకొందురు. బల్ల పొడవే వారి మనసుల నడుమ దూరము. ఈ నాటకముతో సమాజము పేరు యూరపునకు ప్రాకెను.

2015లో ‘వినికిడి’ని ప్రదర్శించిరి. బాలికల వసతిగృహమున ఒక గదిలో పురుషుని కంఠము వినబడెనని ఒక విద్యార్థిని చెప్పును. చూచినవారు లేరు. అయినను విచారణ సాగును. ఆ ఒక్క మాట ఇరువురి బ్రదుకులను ఏండ్ల తరబడి వెంటాడును. 2016లో ఫ్రాన్సు దేశపు అవిన్యోను ఉత్సవమున దీనిని పారశీక భాషలోనే ఆడిరి; అనువాదము తెరపై కనబడెను.

భాష వేరైనను ప్రశ్న మనకు తెలిసినదే. తగవు తీర్ప కూర్చున్న పెద్ద మొదట అడుగవలసినదియు అదియే: “చూచితివా, వింటివా?”