పాత టెలిఫోను – అసలుదనము

నగను కొనునపుడు మెఱుపును నమ్మక గీటురాతిపై గీయించి చూతుము గదా! పాత టెలిఫోనునకు గీటురాయి దాని లోపలనే యున్నది.

1937లో అమెరికాలో వెస్టరన్ ఎలక్ట్రిక్ సంస్థవారు వెలువరించిన 302వ నమూనానే చూడుఁడు. మొదట పైతొడుగు లోహము. సుమారు 1941 మొదలు ప్లాస్టిక్. లోని గంట, డయలు, రిసీవరు మున్నగు భాగములపై తయారైన కాలము ముద్రింపఁబడి యుండును. అవి యన్నియు దగ్గఱదగ్గఱ కాలమువైనచో వస్తువు చాలవఱకు అసలైనదే.

కలియకున్నంతమాత్రమునఁ ద్రోసిపుచ్చరాదు. నాఁడు ఫోను ఇంటివారిది గాదు, కంపెనీవారు అద్దెకిచ్చినది. పాడైనదానిని తీసికొనిపోయి, భాగములు మార్చి, వేఱొక యింటికిచ్చెడివారు. అది మోసము గాదు, ఆ ఫోను జీవితకథ. ఇటీవల మార్చినదానిని దాఁచి “అసలుది” యని యమ్ముటయే మోసము.

కనుక కొనకముందు అడుగు విప్పించి చూడుఁడు. కొనిన పిదప క్రొత్తరంగు పూయవలదని మా మనవి.