డుకాటి కొనాలా, పై గది కట్టాలా?

షోలాపూర్‌లో ముప్పై ఏండ్ల నుంచి నేను సాంచెల జాబర్‌ను. దుబాయి నుంచి వచ్చిన మా చిన్నోడు ఒకరోజు అన్నాడు: "బాపూ, పుణెలో సెకండ్ హ్యాండ్ డుకాటి మాన్‌స్టర్ ఉంది. ఐదు లక్షలు. తీసుకోనా?" అవి పై గదికని దాచిన పైసలు. "ముందు చూద్దాం పా" అన్న.

డుకాటి 1926లో ఇటలీలోని బొలోన్యాలో రేడియో సామాన్ల కంపెనీగా మొదలైంది. దాని ఇంజిన్ సంగతి వింటే ఏ జాబర్‌కైనా మనసు లాగుతది. మన సాంచెలో టాపెట్ ఒక దిక్కే నెడతది. వెనక్కి తేవాలంటే స్ప్రింగో రోలరో కావాలె. మామూలు బండిలో వాల్వు కూడా అంతే: క్యామ్ తెరుస్తది, స్ప్రింగ్ మూస్తది. ఈ మాన్‌స్టర్‌లో మూసేది కూడా క్యామే. వేగం పెరిగినా వాల్వు వెనకబడదు. ఫాబియో టాలియోని చేసిన ఈ ఏర్పాటుతోనే 1956లో స్వీడన్ రేసు గెలిచిండ్రు.

ఖర్చు కూడా అక్కడే. మేం చూసిన బండికి నాలుగు వాల్వులు. ఒక్కోదానికి తెరిచే సందు, మూసే సందు వేరు. అంటే ఎనిమిది కొలతలు. టైమింగ్ బెల్టులు గడువుకు మార్చాలె. సర్వీసు పెద్ద పట్నాల్లోనే. మనకు పుణె 250 కిలోమీటర్లు.

స్టార్ట్ చేస్తే నా ఒళ్ళు జలదరించింది, అబద్ధం ఎందుకు. కాని కాగితాల్లో బెల్టులు మార్చిన తారీఖు లేదు.

"కొనే పైసలున్నయి బిడ్డా, మేపే పైసలున్నయా?" అన్న.

తిరుగు బస్సులో వాడు మాట్లాడలేదు. పోయిన ఆదివారం ఇటుకల లారీ వచ్చింది. వాడే లెక్కపెట్టి దింపించుకున్నడు.