బువ్వతో పాటు మాట: ఉట్నూర్ ఏజెన్సీలో తల్లిదండ్రులకు అందే ఆసరా

స్త్రీ గర్భం దాల్చిన నాటి నుండి బిడ్డకు రెండేళ్లు నిండే దాకా గడిచే కాలాన్ని పోషకాహార శాస్త్రజ్ఞులు ‘మొదటి వెయ్యి రోజులు’ అని వ్యవహరిస్తారు. గర్భంలోని 270 రోజులూ, ఆ తరువాతి 730 రోజులూ కలిపి చెప్పే ఈ లెక్క వెనుక ఒక కారణమున్నది: మెదడు ఎదుగుదలలో గాని, ఎత్తులో గాని ఈ దశలో పడిన లోటును పెద్దయ్యాక పూడ్చడం చాలా కష్టం. ఈ వెయ్యి రోజులలో ప్రభుత్వం నుండి తల్లిదండ్రులకు అందుతున్నదేమిటో, అందకుండా మిగిలిపోతున్నదేమిటో పరిశీలించడానికి ఆదిలాబాద్ జిల్లాలోని ఉట్నూర్ తగిన చోటు. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయం ఉన్న ఈ ఊరి చుట్టూ గోండులు, కొలాములు, పర్ధాన్లు, తోటీలు, నాయకపోడ్లు, లంబాడాలు నివసించే గూడేలు, తండాలు విస్తరించి ఉన్నాయి. వీరిలో కొలాములను, తోటీలను కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక రక్షణ అవసరమైన ఆదిమ తెగలుగా గుర్తించింది.

ఈ ఆసరాకు మూలం 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, అంటే జనం నోట అంగన్‌వాడీ. అదనపు ఆహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, జబ్బు ముదిరిన వారిని ఆసుపత్రికి పంపడం, బడికి ముందరి చదువు, పోషకాహార ఆరోగ్య విద్య అనే ఆరు సేవలు దీనిలో ఉన్నా, గుడ్లు, పాలు, బియ్యం లెక్కకు అందుతాయి గనుక వాటికి రిజిస్టర్లు నిండుతాయి. తల్లికి చెప్పిన మాటకు లెక్క లేదు గనుక ఆ ఆరవ సేవ వెనుకబడిపోయింది. తెలంగాణలో 2015 జనవరి 1న ఆరంభమైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణికి, బాలింతకు అంగన్‌వాడీలోనే ఒక పూట నిండు భోజనం, 200 మిల్లీలీటర్ల పాలు, గుడ్డు పెడతారు. సరుకు ఇంటికి పంపక అక్కడే కూర్చోబెట్టి వడ్డించడంలోని కిటుకు తెలిసినదే: ఇంటికి వెళ్లిన గుడ్డు మగవాడి పళ్లెంలోకో పెద్ద పిల్లవాడి చేతిలోకో పోతుంది. ఏడు నెలల నుండి మూడేళ్ల లోపు పిల్లల కోసం ఇచ్చే బాలామృతం, అంటే వేయించిన గోధుమలు, శనగలు, పాలపొడి, చక్కెర, నూనె కలిసిన రెండున్నర కిలోల నెలవారీ పొట్లం, సరిగ్గా ఇలాగే ఇంటిల్లిపాదికీ పంపకమవుతుంటుంది. 2017లో వచ్చిన కేసీఆర్ కిట్టు ప్రసవాలను ప్రభుత్వ ఆసుపత్రుల వైపు మళ్లించగా, 2022 డిసెంబరులో ఆదిలాబాద్ సహా తొమ్మిది జిల్లాలలో మొదలైన న్యూట్రిషన్ కిట్టులో నెయ్యి, ఖర్జూరాలు, ఐరన్ టానిక్కు వంటివి చేర్చారు. ఉట్నూర్‌లోనే భీంబాయి ఆదివాసీ మహిళా సహకార సంఘం వారు తయారు చేసే ఇప్పపువ్వు లడ్డూ, అడవిలో ఏరుకొచ్చే పువ్వునే పోషకాహారంగా మలిచింది. సరుకుల విషయంలో, నిజం చెప్పాలంటే, పెద్దగా వంక పెట్టడానికి లేదు.

చిక్కు మరో చోట ఉన్నది. 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం ప్రసవాలు ఆసుపత్రులలో జరుగుతున్నాయి, కాని పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుకున్న పిల్లలు 37 శాతమే. సగానికి పైగా ప్రసవాలు ఆపరేషన్‌తో జరుగుతుండడం ఇందుకొక కారణమైతే, ముర్రుపాల మీద పాతుకుపోయిన అనుమానం మరొకటి. ప్రసవమైన మొదటి రెండు మూడు రోజులలో వచ్చే చిక్కటి పసుపుపచ్చ పాలు బిడ్డకు రోగనిరోధక శక్తినిచ్చే తొలి రక్షణ అయినా, వాటిని పిండి పారబోసి చక్కెర నీళ్లో తేనో నాకించే అలవాటు ఇంకా పోలేదు. ఆసుపత్రి గడప దాకా తల్లిని చేర్చిన వ్యవస్థ, ఆ మంచం పక్కన నిలబడిన అత్తకు ఒక మాట చెప్పలేకపోయింది.

ఐరన్ మాత్రల సంగతీ అంతే. అదే సర్వేలో తెలంగాణ గర్భిణులలో 53 శాతం మంది రక్తహీనతతో ఉన్నట్టు తేలింది. గర్భిణికి రోజుకొకటి చొప్పున కనీసం 180 మాత్రలు ఇవ్వాలన్నది నియమం, మాత్రలూ వస్తాయి. అయితే అవి వేసుకున్న నాలుగైదు రోజులకు మలం నల్లగా మారుతుంది, కడుపులో తిప్పుతుంది, కొందరికి మలబద్ధకమవుతుంది. ఇలా జరగడం మామూలేనని, రాత్రి భోజనం చేశాక వేసుకుంటే వికారం తగ్గుతుందని, చాయ్‌తో గాని కాల్షియం గోలీతో గాని కలిపి మింగితే ఇనుము ఒంటికి పట్టదని ముందే చెప్పని చోట, ఆ గోలీలు చూరులో చెక్కిన సంచిలోనే ఉండిపోతాయి. చెప్పవలసినది రెండు నిమిషాల మాటే.

ఆ మాట ఇంటికి నడిచి వెళ్తే ఏమవుతుందో ప్రాణహిత నది ఆవలి ఒడ్డున, గోండులు పెద్ద సంఖ్యలో నివసించే గడ్చిరోలి జిల్లాలో తేలింది. వైద్య దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ స్థాపించిన ‘సెర్చ్’ సంస్థ 39 ఊళ్లలో కొద్దిపాటి చదువున్న స్థానిక స్త్రీలకు శిక్షణనిచ్చి, పసికందును తూచడం, ఒళ్లు వెచ్చగా ఉంచడం, గడియారం చూస్తూ శ్వాసలు లెక్కించడం నేర్పి, బాలింతల ఇళ్లకు పంపింది. ఇలాంటి సేవ లేని 47 ఊళ్లతో పోల్చి చూసినప్పుడు నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గినట్టు 1999లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. తరువాత 2011లో ఇదే పద్ధతి దేశమంతటా ఆశా కార్యకర్తల పనిగా మారింది. ఆసుపత్రిలో కాన్పయితే మూడవ, ఏడవ, పద్నాలుగవ, ఇరవై ఒకటవ, ఇరవై ఎనిమిదవ, నలభై రెండవ రోజులలో ఆశా ఇంటికి వెళ్లాలి. నిమిషానికి అరవై గాని అంతకు మించి గాని శ్వాసలు తీస్తున్న పసికందును వెంటనే ఆసుపత్రికి పంపించాలి. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను తల్లి రొమ్ములకు ఆనించి ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టుకునే విధానాన్ని చేసి చూపాలి.

అయితే ఈ సలహా ఏ భాషలో సాగుతుందన్న ప్రశ్న ఉట్నూర్‌లో తప్పించుకోలేనిది. గోండీ, కొలామీ రెండూ ద్రావిడ భాషలే అయినా తెలుగు వచ్చినవారికి అర్థం కావు. లంబాడీ ఆ కుటుంబానికే చెందదు. కొమురం భీం పోరాటం తరువాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఈ చిక్కును గుర్తించే, 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ ప్రారంభించి, దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు రాయించాడు. పిల్లల చదువుకు ఎనభై ఏళ్ల కిందట తోచిన ఈ ఉపాయం తల్లుల చదువుకు నేటికీ పూర్తిగా వర్తించలేదు. గోడకు అతికించిన తెలుగు పోస్టరు చదవగలిగిన తల్లికి ఆ పోస్టరు అవసరం తక్కువ. జార్ఖండ్, ఒడిశాలలోని ఆదివాసీ ఊళ్లలో ‘ఏక్‌జుట్’ సంస్థ ఉపన్యాసాలు మాని, బొమ్మల కార్డులు, కథల సాయంతో నెలనెలా స్త్రీల సమావేశాలు నడిపింది. ఏ సమస్య ముఖ్యమో, దానికి ఊరు ఏం చేయగలదో వారే తేల్చుకునేవారు. 2010లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆ ఊళ్లలో చివరి రెండేళ్లలో నవజాత శిశు మరణాలు 45 శాతం తగ్గాయి.

ఆ సమావేశాలు ప్రధానంగా స్త్రీలవి. వైద్యానికి ఎప్పుడు బయలుదేరాలో, బండి ఎవరిని అడగాలో నిర్ణయించేది మాత్రం తరచుగా భర్తలే. గోండు సమాజంలో తగవులు, ఆచారాలు చర్చించే రాయి సెంటర్లు, వాటికి పెద్దలైన సార్‌మేడీలు ఉన్నారు. తండ్రుల చెవిన మాట వేయడానికి అంతకంటే అనువైన వేదిక ఏజెన్సీలో మరొకటి కనబడదు.

తిండి, రక్షణ తరువాత మిగిలేది ఆట. జమైకాలో ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసివాళ్ల మీద జరిగిన ప్రయోగంలో, ఆరోగ్య కార్యకర్త వారానికొకసారి చొప్పున రెండేళ్ల పాటు ఇంటికి వెళ్లి, పనికిరాని డబ్బాలతో, గుడ్డ పీలికలతో చేసిన బొమ్మలతో బిడ్డను ఎలా ఆడించాలో, ఎలా మాట్లాడించాలో తల్లికి చూపింది. ఇరవై ఏళ్ల తరువాత, అలా ఆడించిన పిల్లలు ఆ సందర్శనలు అందని తోటివారికంటే 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నట్టు తేలింది. భారత ప్రభుత్వం కూడా 2024 మార్చిలో ‘నవచేతన’ పేరిట పుట్టుక నుండి మూడేళ్ల దాకా 140 ఆటపాటలతో 36 నెలల క్రమాన్ని రూపొందించి అంగన్‌వాడీ టీచర్ల చేతిలో పెట్టింది. నవజాత దశ దాటాక కూడా సాగే ఆశా కార్యకర్త ఇంటి సందర్శనలేమో బిడ్డకు 15 నెలలు నిండగానే ముగుస్తాయి, బిడ్డ బడికి ముందరి చదువు కోసం అంగన్‌వాడీకి వచ్చేది మూడేళ్లు నిండాకే. మాటలు వచ్చే ఆ మధ్య ఇరవై ఒక్క నెలలూ గూడెంలోని ఇంటికి క్రమం తప్పక చేరేవి బాలామృతం వంటి సరుకులే.