రాగిని పట్టించే ప్రతిధ్వని

ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు పాఠంలో ఒక విద్యార్థిని అడిగింది: "ఎమ్మారైలో ఆ తెల్లమచ్చలు రాగేనా సార్?" కాదు, రాగి చేసిన నష్టం అది. ఆ నష్టాన్ని తెల్లగా చూపించే కిటుకంటే నాకు ఎంత ఇష్టమో చెప్పలేను.

1.5 టెస్లా అయస్కాంతంలో ఒంట్లోని నీటి హైడ్రోజన్ కేంద్రకాలు సెకనుకు సుమారు 6.4 కోట్ల చుట్లు తిరుగుతాయి. ఒక రేడియో తరంగం కొడితే అన్నీ ఒకే లయలోకి వచ్చి సంకేతం ఇస్తాయి. కానీ అయస్కాంత క్షేత్రం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. కొన్ని కేంద్రకాలు ముందుకు పోతాయి, కొన్ని వెనకబడతాయి. లయ చెదిరి సంకేతం ఆరిపోతుంది. కాసేపాగి రెండో తరంగం కొడితే, పోయిందనుకున్న సంకేతం మళ్లీ లేస్తుందని 1950లో ఎర్విన్ హాన్ ప్రకటించాడు! బడి మైదానంలో పరుగు పందెం ఊహించుకోండి. మధ్యలో విజిల్ ఊది అందరినీ వెనక్కి తిరగమంటే, వేగంగా పోయినవాడు ఎక్కువ దూరం రావాలి, నెమ్మదిగా పోయినవాడు తక్కువ దూరం రావాలి. అందరూ గీత దగ్గరికి ఒకేసారి చేరతారు. ఇదే స్పిన్ ఎకో, ఎకో అంటే ప్రతిధ్వని.

దారిలో పక్కవాణ్ని ఢీకొని వేగం మారినవాడు మాత్రం వేళకు చేరలేడు. అణువుల మధ్య అలాంటి తోపులాటలో పోయిన సంకేతం తిరిగి రాదు. అది తరిగిపోయే కాలమే టీ2. ఆరోగ్యమైన మెదడులో ఇది సెకనులో పదో వంతుకు అటూఇటూ. కణాలు దెబ్బతిని నీరు చేరినచోట ఇంకా ఎక్కువ. కాస్త ఆగి ప్రతిధ్వనిని అందుకుంటే చుట్టుపక్కలంతా మసకబారి, దెబ్బతిన్న చోటు తెల్లగా నిలబడుతుంది.

విల్సన్ జబ్బులో ఏటీపీ7బీ జన్యువు చెడి, కాలేయం రాగిని పైత్యరసంలోకి పంపలేదు. ఆ రాగి మెదడు లోతుల్లోని పుటామెన్ లాంటి చోట్లకు చేరుతుంది. మాట ముద్దవుతుంది, కాళ్లూ చేతులూ మెలి తిరుగుతాయి, చేతులు చాపితే భుజాల దగ్గర్నుంచి రెక్కలు కొట్టుకున్నట్టు వణుకుతాయి. 1912లో ఈ జబ్బును వర్ణించిన కిన్నియర్ విల్సన్‌కు పుటామెన్ ఎంత పాడైందో శవపరీక్షలో గానీ తెలియలేదు. ఇప్పుడు బతికున్న మనిషిలోనే చూస్తున్నాం. కొందరి మధ్యమెదడు చిత్రంలో ఏకంగా పాండా ముఖమే కనిపిస్తుంది: తెల్లబడిన భాగం నడుమ చెక్కుచెదరని రెడ్ న్యూక్లియస్‌లు నల్లటి కళ్లు, సబ్‌స్టాన్షియా నైగ్రా చెవులు.

ఇలాంటి చిత్రాలకు దారి హాన్ తర్వాత పడింది. 1973లో పాల్ లాటర్‌బర్ హైడ్రోజన్ సంకేతాలతో బొమ్మ గీశాడు, పీటర్ మాన్స్‌ఫీల్డ్ వేగం పెంచాడు, 2003లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

జబ్బు తేల్చడానికి ఎమ్మారై ఒక్కటే చాలదు. రక్తంలో రాగిని మోసే ప్రోటీన్ సెరులోప్లాస్మిన్, 24 గంటల మూత్రంలో రాగి, కంటి నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం కూడా చూస్తారు. రాగిని బయటికి లాగే పెనిసిల్లమైన్ 1956 నుంచీ ఉంది. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు తేలితే, తోడబుట్టినవాళ్లలో ప్రతి ఒక్కరికీ ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. వణుకు మొదలయ్యే దాకా ఆగకుండా వాళ్లకూ పరీక్ష చేయించండి.